బొట్టు పెట్టిన బంతి

డెబ్బై ఏడో సంవత్సరం, దసరా వెళ్లిన మరుసటి శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటలకు గల్ఫ్‌లో, రూవి పట్నం అవతల కొండ కింది గ్రౌండులో ఆట మొదలైంది. మేము తొమ్మిది మందిమి గ్రౌండు చుట్టూ కట్టిన తాడు లోపల ఉన్నాం. మమ్మల్ని అంతదాకా తెచ్చిన మనిషి తాడు బయట, నీళ్ల ట్యాంకరు నీడలో, మెడలో తువ్వాలతో నిలబడి ఉన్నాడు. వాడిని ఆటలోంచి వెళ్లగొట్టారు. ఎందుకు వెళ్లగొట్టారో, వాడు లేకుండా మేమేం చేశామో చెబుతాను. నాకు అప్పుడు అక్షరం రాదు, అరవై దాటాక నేర్చుకున్నాను. అందుకని ఆనాడు ఏదీ రాసిపెట్టుకోలేదు. కళ్లతో చూసింది, చెవులతో విన్నది రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. పేరు రాస్తే మనవలు వచ్చి, మా తాత అట్లా అనలేదని పంచాయితీ పెడతారు.

ఆట పేరు బేస్‌బాల్. మా ఊళ్లలో ఎవరూ ఆ మాట కూడా వినలేదు. మేము కట్టడం పనికి వచ్చిన కంపెనీలో పెద్ద ఇంజినీర్లంతా అమెరికావాళ్లు. శుక్రవారం సెలవు వస్తే వాళ్లకు పొద్దు పోయేది కాదు. మాకు బట్టలు ఉతుక్కోవడం, తలకు నూనె పెట్టుకోవడం, ఇంత తిని పడుకోవడం చాలు. వాళ్లకు చాలదు. ఎప్పుడో వాన పడితే తప్ప పారని వాగు పక్కన రాళ్లు ఏరించి, నేల చదును చేయించి, సిమెంటు సంచుల్లో ఇసుక నింపి మూలమూలకూ ఒకటి పెట్టించారు. పక్క కంపెనీ కొరియావాళ్లది ఒక జట్టు. ఫిలిప్పీన్స్ వాళ్లది ఒకటి. ఇంజినీర్లది ఒకటి. నాలుగో జట్టు దొరక్క మా కరీంనగర్, నిజామాబాద్ వాళ్లను పట్టుకొచ్చి నిలబెట్టారు. కబడ్డీ అయితే ఆ మూడు జట్లనూ కలిపి ఒక్క పూటలో మట్టి కరిపించేవాళ్లం. కానీ ఆట వాళ్లది, నేల కూడా వాళ్లు చదును చేసిందే.

ఆట అర్థం కావడం కష్టమేం కాదు. ఒకడు మట్టి తిన్నె మీద నిలబడి బంతి విసురుతాడు. ఎదుటి జట్టువాడు కట్టెతో కొట్టాలి. కొట్టేవాడి వెనక ఒకడు గ్లౌజు వేసుకుని గొంతుకూర్చుని, కొట్టలేని బంతిని పట్టుకుంటాడు. ఆ కూర్చునేది నేనే. మూడుసార్లు కొట్టలేకపోతే వాడు అవుట్. కొడితే సంచి నుంచి సంచికి ఉరికి, చుట్టూ తిరిగి మొదటికి రావాలి, అది ఒక పరుగు. కొట్టిన బంతిని కింద పడకముందే మనం పట్టుకుంటే కూడా వాడు అవుట్. ముగ్గురు అవుటయితే వాళ్లు బయటికి, మనం కొట్టడానికి. చీకటి పడుతుందని ఐదు విడతలే ఆడేవాళ్లం. మావాళ్లు దీన్ని చిర్రగోనె, అదే బిళ్లంగోడు, అనుకునే ఆడారు. కొట్టినాక కట్టె కింద పడేసి ఉరకాలి. మావాళ్లు కట్టె పట్టుకునే ఉరికేవాళ్లు. "కట్టె పడెయ్‌రా, కట్టె పడెయ్!" అని మిగతావాళ్లం గొంతు చించుకునేవాళ్లం.

ఇంత చేతగాని జట్టు గెలిచిందంటే, అది ఒక్కడి వల్ల. వాడు మా పక్క ఊరివాడు. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను మామా అనేవాడు. జొన్నచేలో మంచె ఎక్కి వడిసెలతో పిట్టలను కొడుతూ పెరిగాడు. ఇక్కడ సైట్‌లో ఇనుప కడ్డీలు వంచే పని. ఒకరోజు క్రేను కొక్కేనికి ఒక గోనెపట్టా చిక్కుకుని ఊగుతుంటే, దించే దారి లేక అందరూ తలలెత్తి చూస్తున్నారు. వీడు కింద నుంచి ఒక్క రాయి విసిరాడు. పట్టా ఊడి పడింది. అది సర్వే ఇంజినీరు చూశాడు. ఎర్రటి మెడ, తెల్లటి గడ్డం, మేమంతా గడ్డం సాబ్ అనేవాళ్లం. ఆటలన్నిటికీ అంపైరు ఆయనే. ఆ రోజే తెచ్చి వాడి చేతిలో బంతి పెట్టాడు.

ఆ బంతి వాడి చేతిలోంచి వస్తుంటే కనిపించేది కాదు, వినిపించేది. గ్లౌజు వేసుకున్నా నా అరచేయి మండిపోయేది. కొట్టేవాళ్లు గాలిని కొట్టి వెళ్లిపోయేవాళ్లు. క్యాంపులో వాడిని గురిగాడు అని పిలవడం మొదలుపెట్టారు. మిగతా ఏడుగురికీ గ్రౌండులో పని ఉండేది కాదు. ఒకడు బీడీ ముట్టించేవాడు. ఒకడు కూర్చుని కాలి ముల్లు తీసుకునేవాడు. మొదటి ఆటలో ఇంజినీర్లనే ఓడించాం. ఆ రాత్రి క్యాంపులో ఎవరూ నడవలేదు, గంతులేశారు.

ఇక దసరా. ఆ ఏడు శుక్రవారమే పడింది. పొద్దున్నే మా వంటాయన స్నానం చేసి, ధోవతి కట్టి, పనిముట్లన్నీ మెస్ ముందు పెట్టించాడు. మెట్‌పల్లి దిక్కు మనిషి, యాభై ఏళ్లు, మంచి బొజ్జ, అందరికీ కాకా. తాపీలు, గోడ నిలువు చూసే గుండ్లు, రంపాలు, పారలు, ఆయన గరిటెలు, అన్నీ వరసగా పెట్టారు. కదపలేని వాటి దగ్గరికి తనే వెళ్లాడు. కుంకుమ రాలిపోకుండా కొబ్బరినూనెలో కలిపి, పసుపు పూసి, ప్రతిదానికీ బొట్టు పెట్టాడు. జమ్మి ఎట్లా అనుకుంటున్నారేమో. వాగు ఒడ్డున గాఫ్ అని ఒక చెట్టు ఉంటుంది. పేరు అరబ్బీది కానీ చెట్టు మన జమ్మిచెట్టే, ఆకు చూస్తే తెలుస్తుంది. ఆకు తెంపుకొచ్చి బంగారమని ఒకరి చేతిలో ఒకరం పెట్టుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటుంటే, మా క్యాంపు కావలి ముసలాయన చూశాడు. ఆయన అల్ సువైక్ మనిషి, బలోచీ, హిందీ బాగా వచ్చు.

"యే సోనా హై? ఫిర్ మేరీ బక్రీ రోజ్ సోనా ఖాతీ హై!" అన్నాడు. ఇది బంగారమైతే తన మేక రోజూ బంగారమే తింటోందట.

"నీ మేకను జర భద్రంగ సూస్కో చాచా, రూవిల దొంగలున్నరు" అన్నాడు కాకా. ఆయనకూ ఇంత ఆకు ఇచ్చి గట్టిగా కౌగిలించుకున్నాం.

ఆ వరసలోనే ఆట కట్టెలూ, బంతులూ ఉన్నాయి. ఎవరు పెట్టారంటే, అందరం పెట్టాం. కడ్డీలు వంచే సుత్తికి బొట్టు పెట్టి, గెలిపించే బంతికి పెట్టకపోతే అది ఎక్కడి పూజ? మా వాళ్లలో ఒక్కడికీ ఇది తప్పు అని తోచలేదు. ఇప్పటికీ నాకు తోచదు.

మధ్యాహ్నం ఫిలిప్పీన్స్ వాళ్లతో ఆట. బంతులు తెచ్చే వంతు మాది. మొదటి విడతలో గురిగాడు ఇద్దరిని అవుట్ చేశాడు. మూడోవాడికి బంతి కొద్దిగా కట్టె అంచుకు తగిలింది. ఆ కట్టె మీద ఎర్రగా మరక పడింది. ఆ మనిషి తన వేలు తెగిందనుకుని చేయి తిప్పి తిప్పి చూసుకున్నాడు. దెబ్బ లేదు. గడ్డం సాబ్ బంతి అడిగి తీసుకున్నాడు. వేలితో రుద్దాడు, వాసన చూశాడు, ఎండలో పైకెత్తి నాలుగు దిక్కులా అందరికీ చూపించాడు.

గురిగాడు నవ్వాడు. బాగా విసిరినందుకు బంతిని అందరికీ చూపించి మెచ్చుకుంటున్నాడనుకున్నాడు.

"చీటర్!" అన్నాడు గడ్డం సాబ్. ఆ మాట మాకందరికీ తెలుసు.

బంతికి నూనె గానీ, జిగురు గానీ, ఏది పూసినా అది వంకరగా పోతుందట, ఆ ఆటలో అంతకు మించిన దొంగతనం లేదట, తర్వాత తెలిసింది. గ్రౌండులోంచి పొమ్మన్నాడు. తర్వాతి రెండు ఆటలూ ఆడకూడదన్నాడు. వాడు నా మొహం చూశాడు. నాకూ ఏమీ అర్థం కాలేదు. వాడు తాడు కింద నుంచి దూరి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఫిలిప్పీన్స్ వాళ్లు మమ్మల్ని చితక్కొట్టారు. మూడు నెలలుగా బీడీలు తాగుతూ నిలబడినవాళ్లం, బంతి మీదికొస్తే పట్టడం కాదు, తప్పుకుంటున్నాం.

శనివారం సైట్‌లో ఎవరు కనిపించినా ఒకటే మాట. డ్రైవర్లు, కొరియావాళ్లు, ఆఖరికి నీళ్లు మోసేవాళ్లు కూడా వాడు పోతుంటే "చీటర్, చీటర్" అని నవ్వడం. వాడు మధ్యాహ్నం బువ్వకు రాలేదు. నేను వెళ్లి చూస్తే కడ్డీల గుట్ట వెనక కూర్చున్నాడు.

"మామా, నేను సువైక్ సైట్‌కు పోత. ఈ ఆదివారం కాదు, ఆ మీది ఆదివారం బండి పోతది. ఫోర్మన్‌ను అడిగిన."

"ఆటల ఒక మాటన్నరని ఊరిడిసి పోతవారా?"

"ఒక మాటనా? దొంగ అన్నడు. బంతి నా చేతుల వెట్టింది ఆయినే, దొంగ అన్నది ఆయినే. అందరి ముంగట. నా చెయ్యి దొంగ చెయ్యి కాదని ఆ గ్రౌండ్ల, ఆ జనం ముంగట్నే అనాలె. అప్పటిదాంక నేనీడ ఎవ్వని మొఖం సూడ."

గెలిస్తే ఇచ్చే కప్పు వాడికి అక్కర్లేదు. వాడికి కావలసింది ఆ ఒక్క మాట. నాకు అది న్యాయంగానే తోచింది.

గడ్డం సాబ్‌తో మాట్లాడాలంటే మాకు ఇంగ్లీషు రాదు. మా స్టోర్‌కీపరు ఉన్నాడు, కాకినాడ దిక్కు మనిషి, బీఏ చదివాడు, భార్యాపిల్లలతో రూవిలోనే కాపురం. ఆయన్ని పట్టుకున్నాం.

"ఏంటి మేస్త్రి గారూ, బంతికి కూడా బొట్టు పెట్టారా? మీరు నిద్రపోయేవాడి నుదుటికైనా పెట్టేస్తారండీ బాబూ" అన్నాడు. కానీ వెంట వస్తానన్నాడు.

మేము వెళ్లే అవసరం కూడా పడలేదు. గడ్డం సాబే వచ్చాడు, భుజం మీద తన కొలత దుర్బిణీ పెట్టుకుని, మెడ ఇంకా ఎర్రగా. ఆ దుర్బిణీ ఇత్తడి మెడ మీద గుండ్రంగా, రూపాయి బిళ్లంత బొట్టు. ఆయన దగ్గర నేల కొలిచే గొలుసు పట్టే ఆర్మూర్ పెద్దమనిషి దసరా పొద్దున పెట్టె తెరిపించి మరీ పెట్టించాడు. ఏడాదంతా అన్నం పెట్టే మిషన్, దాన్ని ఎట్లా వదిలేస్తాడు?

"దీన్ని ఎవరు పాడుచేశారు?" అని గడ్డం సాబ్ స్టోరంతా వినపడేటట్టు అరిచాడు.

స్టోర్‌కీపరు మంచి పని చేశాడు. జవాబు చెప్పకుండా, ఒక్క పది నిమిషాలు నాతో రండి సార్ అని చేయి పట్టుకున్నంత పని చేసి తీసుకెళ్లాడు. మేము వెనక నడిచాం. కాంక్రీటు మిక్సరు చూపించాడు, బొట్టు. కడ్డీలు కోసే మిషన్, బొట్టు. నీళ్ల ట్యాంకరు, దాని నాలుగు చక్రాలకూ నాలుగు బొట్లు. కరెంటు మోటారు, మా వడ్రంగి వడ్లాయన రంపం, మెస్‌లో పప్పు గరిటె. చివరికి మరుగుదొడ్ల వెనక ఉండే పంపు, దానికి కూడా బొట్టు, పైగా పూవు. ఒక్కో బొట్టు దగ్గర గడ్డం సాబ్ ఆగి, వేలితో తాకి, వాసన చూశాడు. అన్నిటికీ అదే కొబ్బరినూనె వాసన.

పంపు దగ్గర నిలబడిపోయాడు. గడ్డం గోక్కున్నాడు. ఆయన అన్నమాట స్టోర్‌కీపరు మాకు తెలుగులో చెప్పాడు: "మిక్సరుతో మీరు ఎవర్ని మోసం చేద్దామనుకున్నార్రా అని అడుగుతున్నాడయ్యా."

కాకా ముందుకొచ్చాడు. "సాబ్, బొట్టు వెట్టింది నేను. నన్ను పనిలకెల్లి తియ్యుండ్రి, పోరణ్ని ఆటల తీస్కోండ్రి."

గడ్డం సాబ్ తల అడ్డంగా ఊపాడు. బంతికి ఏది పూసినా తప్పేనట, దేవుడి కోసం పూసినా తప్పేనట. పూసిన బంతి విసిరినవాడికే శిక్షట. కాకపోతే కావాలని చేసింది కాదు కాబట్టి రెండు ఆటల శిక్ష ఒక ఆట చేశాడు.

"మరి దొంగ అన్న మాట?" నేను అడిగించాను.

దానికి ఆయన చెప్పింది నాకు నచ్చలేదు, కానీ మనిషి మాట మీద నిలబడేవాడని అర్థమైంది. ఇంటింటికీ తిరిగి చెప్పడట. ఫైనల్ రోజు వాడు మళ్లీ బంతి పట్టుకోవాలి. అప్పుడు గ్రౌండులోనే, అన్నచోటే అంటాడట.

అంటే లెక్క ఇదీ. రాబోయే శుక్రవారం కొరియావాళ్లతో సెమీఫైనల్. అందులో గెలిస్తే ఫైనల్, గురిగాడు ఆడతాడు, గడ్డం సాబ్ ఆ మాట అంటాడు. ఓడితే మా ఆటలు అయిపోయినట్టే. వాడు చీటర్ అన్న పేరు వీపు మీద మోసుకుని సువైక్ బండి ఎక్కుతాడు. గెలవాల్సింది వాడు లేకుండా, వాడి కోసం. కొరియావాళ్లేమో అప్పటికి ఒక్క ఆట కూడా ఓడలేదు.

విసిరేవాడు ఎవడు? డ్యూటీ అయ్యాక మెస్ వెనక అందర్నీ విసరమన్నాం. వడ్లాయన చిర్రగోనెలో మొనగాడు, ఆయన విసిరితే బంతి పోయి కాకా పప్పుకుండకు తగిలింది. "ఓ బామ్మర్ది, కొరియోనికి తాకాలె, నా కుండకు కాదు!" అని కాకా గరిటెతో వెంటపడ్డాడు. ఇంకొకడు విసిరితే బంతి నా దాకా రానే లేదు. గురిగాడిని వచ్చి నేర్పమంటే రాలేదు. "నేను ముట్టుకుంటె ఆ బంతి కూడ దొంగదైతది" అన్నాడు.

బుధవారం మేము మొదటి అంతస్తు గోడ కడుతున్నాం. మీకు తెలుసో లేదో, ఇటుకలు పైకి మోసుకురాం. కింద ఒకడు నిలబడి ఒక్కొక్కటీ పైకి ఎగరేస్తాడు, గోడకు కట్టిన సారువ మంచె మీద ఉన్నవాడు గాలిలోనే పట్టుకుంటాడు. కింద నుంచి ఎగరేసేది జగిత్యాల మనిషి. మాటకారి కాదు, నాకు వరసకు బావ. నేను పైన పట్టుకుంటున్నాను. పక్కవాడితో ఆట గురించి కొట్లాడుతూ, కిందికి చూడకుండానే చేయి చాపి పట్టుకుంటున్నాను. ఇటుక వచ్చి అరచేతిలో కూర్చుంటోంది. మళ్లీ చాపుతున్నాను, మళ్లీ కూర్చుంటోంది. కొట్లాట వదిలేసి కిందికి చూశాను.

"బావా! గట్లనే బంతి ఎగరేస్తవా?"

కింద నుంచి ఆయన నా వైపు చూశాడు. "ఇటిక బరువుంటది. అది బరువుండదు గద."

"నీ చేతి బరువు చాలుగని, ఎగరేస్తవా లేదా చెప్పు!"

"సూస్త" అన్నాడు. అంతే ఆయన మాట.

ఆయన్ని తిన్నె మీదికి తెస్తే గ్రౌండులో ఒక చోటు ఖాళీ అయింది. కాకా ఎవర్నీ అడగలేదు. "ఆడ నేను నిలవడ్త" అన్నాడు. వద్దంటే అన్నం పెట్టడు.

శుక్రవారం వచ్చింది. కొరియావాళ్లు వరసగా, బూట్లతో, ఒకేసారి అడుగులేస్తూ వచ్చారు, గ్రౌండు మధ్య నిలబడి గట్టిగా ఏదో కేక వేశారు. మావాళ్లలో నలుగురికి చెప్పులు కూడా లేవు. కాకా లుంగీ పైకి మడిచి కట్టి, అందరి కంటే వెనక, తాడు దగ్గర నిలబడ్డాడు. గడ్డం సాబ్ మా బంతులు మూడూ తీసుకుని, మూడింటినీ వాసన చూశాడు. జనం నవ్వారు. తాడు అవతల గురిగాడు తల దించుకున్నాడు. శిక్ష పడ్డవాడు లోపలివాళ్లకు ఒక్క మాట కూడా చెప్పకూడదు. నోరు తెరిస్తే ఆట పోతుందని స్టోర్‌కీపరు వాడికి ముందే చెప్పాడు. వాడు తువ్వాల చెంగు పళ్ల మధ్య పెట్టుకున్నాడు.

ఇటుకల బావ తిన్నె ఎక్కి, ఒంగి, కింది నుంచి ఎగరేశాడు. బంతి మెల్లగా, తీరిగ్గా, పెళ్లికి పోతున్నట్టు వచ్చింది. కొరియా మనిషి అది రాకముందే కట్టె తిప్పేశాడు. బంతి వచ్చి నా గ్లౌజులో కూర్చుంది. వాళ్ల కెప్టెన్ ఏదో అడిగాడు, ఇట్లా విసరవచ్చా అని కాబోలు. గడ్డం సాబ్ కొద్దిసేపు ఆలోచించి, పైనుంచైనా కిందనుంచైనా విసిరినట్టే అని చేత్తో చూపించాడు.

గురిగాడి బంతికీ దీనికీ పొంతనే లేదు. గురిగాడి బంతిని ఎవరూ కొట్టలేరు. దీన్ని ఎవరైనా కొట్టవచ్చు. కొట్టారు కూడా. కానీ అంత మెల్లగా వచ్చేదాన్ని బలంగా కొడితే అది పైకి లేస్తుంది. పైకి లేచింది కింద పడాలి కదా, పడేచోట మావాడు ఒకడున్నాడు. ఏళ్ల తరబడి గాలిలో ఇటుకలు పట్టిన చేతులు మావి. ఫిలిప్పీన్స్ వాళ్ల ఆటలో బంతికి తప్పుకున్న సన్నాసులే ఇప్పుడు పట్టుకుంటున్నారు, ఎందుకంటే నేను పొద్దున్నే ఒకటే మాట చెప్పాను: "అది బంతి అనుకోకుండ్రి. ఇటిక అనుకోండ్రి. ఇడిస్తె కింద మనిషుంటడు." ఇక బీడీ ముట్టించినవాడు లేడు. ఒక్కొక్కటి పట్టినప్పుడల్లా తాడు అవతల మా క్యాంపు జనం గంగవెర్రులెత్తారు. బలోచీ చాచా కాఫీ కెటిల్ మూత తీసి పళ్లెంలా వాయించాడు.

కొరియావాళ్లు రెండో విడతలో ఒక పరుగు తీశారు. మాకు మూడో విడతలో దారి దొరికింది. ఇద్దరు మావాళ్లు సంచుల మీద ఉన్నారు, వడ్లాయన కొట్టడానికి వచ్చాడు. చిర్రగోనెలో కొట్టినట్టే, నేలకు ఆనించి, ఇద్దరి మధ్య సందులోకి కొట్టాడు. కొట్టి, కట్టె పట్టుకునే ఉరికాడు.

"కట్టె పడెయ్!" క్యాంపు మొత్తం అరిచింది.

ఆయన కట్టె పడేసి, చెప్పు కూడా పడేసి, వంగి చెప్పు తీసుకోబోయాడు.

"చెప్పు ఇడువు బామ్మర్దీ! కొత్తది కొనిస్తరా నాయ్నా, ఉరుకు!"

ఉరికాడు. ముందున్న ఇద్దరూ చుట్టూ తిరిగి వచ్చేశారు. రెండు పరుగులు. మేము పైన. నేను ఎవరిని కౌగిలించుకున్నానో తర్వాత చూస్తే అతను వాళ్ల జట్టువాడు.

నాలుగో విడత ఎట్లాగో గడిచింది. ఐదోది, ఆఖరిది. ఇద్దరిని అవుట్ చేశాం. ఇంకొక్కడు చాలు. కానీ ఈలోపు వాళ్లవాళ్లు రెండు సంచుల మీద కాచుకుని ఉన్నారు, ఒక్క దెబ్బ పడితే ఇద్దరూ వచ్చేస్తారు, మేము పోయినట్టే. కొట్టడానికి వచ్చింది వాళ్ల క్రేను నడిపే మనిషి. గుమ్మం పట్టనంత ఒళ్లు. సూర్యుడు కొండ అంచుకు దిగాడు. ఎండ సూటిగా మావాళ్ల కళ్లలో పడుతోంది.

నేను లేచి ఇటుకల బావ దగ్గరికి వెళ్లాను. "బావా, చెయ్యి నొస్తుందా?"

"పొద్దంత ఎగరేస్త, ఎన్నడన్న అడిగినవా?" అన్నాడు. నిజమే, ఎన్నడూ అడగలేదు.

బావ ఎగరేశాడు. క్రేను మనిషి తొందరపడలేదు. ఆగాడు, చూశాడు, కొట్టాడు. ఆ చప్పుడుకే నేను లేచి నిలబడ్డాను. బంతి పైకి, ఇంకా పైకి పోయి, వెనక్కు, అందరి తలల మీదుగా తాడు వైపు పోయింది. అక్కడ ఉన్నది కాకా ఒక్కడే.

కాకా పైకి చూస్తూ నాలుగు అడుగులు వెనక్కు వేశాడు. అప్పుడు చూడండి, ఆయన రెండు చేతులతో లుంగీ చెంగు పట్టుకుని ఒడిలా చాపాడు, కల్లంలో గింజలు పట్టినట్టు. బట్టలో పడితే ఆ ఆటలో చెల్లదు. పట్టినా పట్టనట్టే.

"కాకా! బట్టల వద్దు!" నేను అరిచాను. "చేతులు! చేతులతోని పట్టు!"

"చేతులు కాకా!" "లుంగీ ఇడువే!" ఎనిమిది మందిమీ ఒకేసారి. తాడు అవతల, కాకాకు నాలుగు గజాల దూరంలో, గురిగాడు. వాడు చెప్పకూడదు. చెబితే ఆట పోతుంది. వాడు తువ్వాల మొత్తం నోట్లో కుక్కుకుని, నేల మీద కాళ్లు కొడుతున్నాడు, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

కాకా లుంగీ వదిలేశాడు. అది జారి కాళ్ల చుట్టూ పడింది. గళ్ల నిక్కరుతో, రెండు చేతులూ చాపి, బంతిని రొమ్ము మీదికి తీసుకున్నాడు. దెబ్బకు వెనక్కి కూలబడ్డాడు. దుమ్ము లేచింది. ఏమీ కనిపించలేదు. గడ్డం సాబ్ అంత దూరం ఉరుకుతూ వెళ్లాడు, ఆయన ఉరకడం నేను చూసింది అదే మొదటిసారి. దుమ్ములోకి వంగి చూశాడు. బంతి కాకా రెండు చేతుల్లో, గుండె దగ్గర, పసిపిల్లలా ఉంది.

చేయి పైకెత్తాడు. అవుట్.

ఆ తర్వాత కొద్దిసేపు ఏం జరిగిందో నాకే తెలియదు. ఎవరో నన్ను ఎత్తారు, ఎవరో పడేశారు. కాకా మాత్రం "లుంగీ, లుంగీ తెండ్రిరా" అంటున్నాడు, తెచ్చేవాడు లేడు.

గడ్డం సాబ్ గోల ఆగేదాకా ఆగాడు. కాకా చేతిలోంచి బంతి తీసుకుని తాడు దగ్గరికి నడిచాడు, తాడు తన చేత్తోనే పైకెత్తాడు. గురిగాడు కదలలేదు. నేను వెళ్లి మెడ పట్టి లోపలికి నెట్టాను. స్టోర్‌కీపరును పక్కన నిలబెట్టుకుని, తిన్నె మీదికి తీసుకెళ్లి, వాడి చేతిలో బంతి పెట్టి గడ్డం సాబ్ ఇంగ్లీషులో చెప్పాడు. స్టోర్‌కీపరు మాకు తెలుగులో, మిగతావాళ్లకు హిందీలో అరిచి చెప్పాడు.

"పోయిన శుక్రవారం ఇక్కడే ఇతన్ని మోసగాడన్నాను. ఇతను మోసం చెయ్యలేదు. నియమం తప్పాడు, శిక్ష అనుభవించాడు, ఆట అయిపోయింది, శిక్షా అయిపోయింది. ఫైనల్ దాకా ఆగుతానన్నాను, ఆగబుద్ధి కాలేదు. ఆ మాట నాది, నేనే వెనక్కు తీసుకుంటున్నాను."

గురిగాడు నోట్లోంచి తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. "మామా, సువైక్ బండికి నేను రానని ఫోర్మన్‌కు నువ్వే చెప్పు. నాకు సిగ్గైతది" అన్నాడు.

ఫైనల్లో ఇంజినీర్ల చేతిలో ఓడిపోయాం. వాడు బాగానే విసిరాడు, మేమే కొట్టలేదు. కొన్నేళ్ల తర్వాత కూడా, వాడు ఊరికి వచ్చి సంసారం చేసుకుంటుంటే, గల్ఫ్‌లో ఏదో మోసం చేసి ఆటలోంచి తీసేయించుకున్నాడని ఒకడు కల్లు దుకాణంలో అన్నాడు. సగం విన్నవాళ్లు సగమే చెబుతారు. అందుకే ఇది రాశాను. గడ్డం సాబ్ ఆ మాట వెనక్కు తీసుకున్నప్పుడు చెవులారా విన్నవాళ్లు వీళ్లు, ఎవరికైనా అనుమానం ఉంటే వీళ్లను అడగండి: తిన్నె మీద ఇటుకల బావ. ఒంటి చెప్పుతో వడ్లాయన. సంచుల దగ్గర సిరిసిల్ల నుంచి వచ్చిన అన్నదమ్ములిద్దరు, నిర్మల్ రంగులాయన. వెనక కోరుట్ల ప్లంబరు, బోధన్ నుంచి వచ్చిన వెల్డింగ్ సాయిబు, లుంగీ దొరకని కాకా. తాడు అవతల గొలుసు పట్టే ఆర్మూర్ పెద్దమనిషి, కెటిల్ మూతతో బలోచీ చాచా, ట్యాంకరు నడిపే పెషావర్ ఖాన్, స్టోర్‌కీపరు ఇంటావిడ, ఆమె చంకలో పిల్ల. లోపల స్టోర్‌కీపరు, గడ్డం సాబ్, టోపీలు తీసి నిలబడ్డ కొరియావాళ్లు తొమ్మిది మంది, వాళ్లలో ముందు నిలబడి చప్పట్లు కొట్టిన క్రేను మనిషి. బంతి చేతిలో పట్టుకుని వాడు. వాడి మెడ మీద ఇంకా చేయి తీయకుండా నేను.